నాలుగు గంటల ఫాస్ట్‌ఫుడ్

ఆదివారం అనుబంధం తయారుచేసేవాళ్లకి ఆదివారం సెలవుండదు. మీరు కాఫీ తాగుతూ ఈ పేజీ తిప్పే వేళకి నేను సోమవారం పేపరు పని మీద ఆఫీసు మెట్లెక్కుతూ ఉంటాను. నా వీక్లీ ఆఫ్ మంగళవారం. ఆ రోజు పెళ్లిళ్లుండవు, పేరంటాలుండవు, చుట్టాలు రారు, స్నేహితులెవరూ దొరకరు. ఎనిమిదిన్నరకల్లా మా ఆవిడ ఆఫీసుకీ, అమ్మాయి బడికీ వెళ్లిపోతారు. చిక్కడపల్లిలో మా మూడో అంతస్తు ఫ్లాట్లో మిగిలేది నేనూ, డెబ్భై రెండేళ్ల మా అమ్మా.

చాలాకాలం ఆ సెలవుని నిద్రకే ధారపోశాను. లేచేసరికి పన్నెండు. సాయంత్రానికి ఒళ్లు బరువు, ఫోను మీద బొటనవేలు అరుగుదల, అంతే మిగిలేవి. మూడేళ్ల కిందట ఒక మంగళవారం బర్గర్ మీదకి మనసు పోయి ఒక యాప్‌లో ఆర్డరిచ్చాను. వచ్చింది. బన్ను చెమటపట్టింది, ఆకు వడలిపోయింది, లోపలి బిళ్ల చెప్పు అట్టలా సాగుతోంది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికేనేటిరా రెండొందల యాభై?" అంది. ఆ మాటకి పుట్టిన రోషమే ఈ వంట.

రోషం ఒక్కటే ఉంటే సరిపోలేదు. మంగళవారం ఆంజనేయస్వామి వారం, మా ఇంట్లో పొయ్యి మీద నీచు పెట్టరు. చికెన్ ఆలోచన అక్కడే పోయింది. పోనీ బన్నులో గుడ్డు వేస్తానంటే అదీ నీచే. పుట్టగొడుగులైనా వేస్తానన్నాను. "అవి మాత్రం నీచు కాదేటి?" అంది. శాస్త్రం ప్రకారం చూసినా ఆవిడ మాట పూర్తిగా కొట్టెయ్యదగ్గది కాదు. పుట్టగొడుగు మొక్క కాదు కదా, శిలీంధ్రం. వాదన పెంచలేదు. మాంసం లేకుండా, గుడ్డు లేకుండా, పుట్టగొడుగు లేకుండా బర్గర్ చెయ్యడం ఎలాగో తేల్చుకోవడానికి నాకు ఏడాది మంగళవారాలు పట్టింది.

పొద్దున్న తొమ్మిదికి మొదలుపెడితే ఒంటిగంటకి తింటాం. బజార్లో పది నిమిషాల్లో చేతికిచ్చే తిండికి మా ఇంట్లో నాలుగు గంటలు. నిజానికి అంతకంటే ఎక్కువే. రాజ్మా గింజలు సోమవారం రాత్రి డ్యూటీ దిగి వచ్చాక, ఒంటిగంటకి, చెప్పులు విప్పగానే నానబెడతాను.

పిండికి పద్నాలుగు అక్షరాలు

ముందు బన్ను. 20 గ్రాముల మైదాని 100 మిల్లీలీటర్ల పాలలో ఉండకట్టకుండా కలిపి, సన్నని సెగ మీద గరిటె తిప్పుతూ ఉంటే రెండు మూడు నిమిషాల్లో చంటిపిల్లల ఉగ్గులా దగ్గరపడుతుంది. గుడ్డు లేని లోటు తీర్చేది ఇదే. వేడి తగిలిన మైదా నీటిని పీల్చుకుని వదలకుండా పట్టుకుంటుంది. అందుకే బన్ను మర్నాటికీ మెత్తగా ఉంటుంది. జపాన్, చైనా బేకరీలవాళ్ల కిటుకు ఇది. అది చల్లారాక 330 గ్రాముల మైదా, 120 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు, 30 గ్రాముల పంచదార, 6 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ కలిపి పిసకడం మొదలుపెడతాను. 40 గ్రాముల వెన్న చివర్లో. ముందే వేస్తే వెన్న పిండికి పూతలా పట్టేసి సాగుడు రానివ్వదు.

పిసకడానికి పది పన్నెండు నిమిషాలు. గడియారం చూస్తూ పిసికితే అది శిక్ష. అందుకని స్పీకర్లో భైరవి రాగం అటతాళ వర్ణం పెట్టుకుంటాను. నిడివి ఇంచుమించు సరిపోతుంది. కచేరీ వర్ణంతో మొదలవ్వాలని, తరవాత కృతులు, నడుమ ప్రధాన రాగం, చివర్లో తేలికపాటివి రావాలని ఇవాళ మనం చూసే వరసని స్థిరపరిచింది అరియక్కుడి రామానుజ అయ్యంగార్ అంటారు. నా వంటకీ ఆయనదే పద్ధతి. గొంతు వేడెక్కడానికి విద్వాంసుడికి వర్ణం ఎలాగో, మణికట్లు వదులవ్వడానికి నాకూ అలాగే.

అటతాళానికి ఆవర్తం పద్నాలుగు అక్షరాలు. ఐదు, ఐదు, రెండు, రెండు. అరచేతి మడమతో ఐదు తోపులు ముందుకి, పిండిని పావువంతు తిప్పి మళ్లీ ఐదు, తరవాత రెండు మడతలు, ఇంకో రెండు మడతలు. మొదటి కాలంలో బాగానే నడుస్తుంది. వర్ణం రెండో కాలం అందుకునేసరికి నా చేతులు ఒక అక్షరం వెనకబడతాయి. హాల్లోంచి అమ్మ గొంతు వినిపిస్తుంది: "తాళం పోయింది." ఆవిడకి నేను కనబడను. పిండి గట్టు మీద పడే చప్పుడు మాత్రం వినబడుతుంది.

అమ్మది విజయనగరం. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ చేరింది విద్యార్థిగా అనీ, ఆయన వాద్యం విన్నాక శిష్యుడిగా కాదు, గురువుగా కూర్చోబెట్టారనీ ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. మా అమ్మ రోజులకి ఆయన లేరు. కాని ఆ కళాశాలలో రెండేళ్లు వయొలిన్ నేర్చుకుంది. పెళ్లితో కమాను పెట్టెలోకి పోయింది. చెవి మాత్రం ఎక్కడికీ పోలేదు.

పిండిని కొంచెం తుంచి రెండు చేతులా సాగదీస్తే చిరగకుండా అవతలి వెలుతురు కనబడాలి. బొబ్బట్ల పిండి తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు గిన్నెలో వేసి తడిగుడ్డ కప్పాలి. రెట్టింపు పొంగడానికి మామూలుగా గంట, మే నెలలో ముప్పావుగంట కూడా పట్టదు.

అన్నీ 1948లోనే

పిండి పొంగే గంటలో చెయ్యడానికి ఏమీ ఉండదు. నా ఉద్యోగంలో అలాంటి గంట దొరకదు కనక మొదట్లో కంగారుగా ఉండేది. మాటిమాటికీ గుడ్డ ఎత్తి చూసేవాణ్ణి. ఇప్పుడు పాత సంగతులు చదువుకుంటాను. అలా చదువుతుంటేనే ఒక విచిత్రం దొరికింది.

కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములిద్దరు, బాగా నడుస్తున్న తమ హోటల్ని మూసేసి, వంటగదిని కార్ఖానాలా మార్చి, 1948 డిసెంబరులో మళ్లీ తెరిచారు. వంటకాల జాబితాని తొమ్మిదికి కుదించారు. కార్ల దగ్గరికి పరుగెత్తే సర్వర్లని తీసేశారు. బర్గర్ ధర 15 సెంట్లు. ఇవాళ మనం ఫాస్ట్‌ఫుడ్ అంటున్నదానికి అచ్చు పోసింది ఆ వంటగదే.

అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్‌లో కొలంబియా సంస్థ లాంగ్ ప్లే రికార్డుని లోకానికి చూపించింది. అంతకుముందు నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు ఒక్కో వైపు మూడు, నాలుగు నిమిషాలే పలికేది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసినప్పుడు ఆవిడ ఖయాల్‌ని ఆ మూడు నిమిషాల్లోనే కుదించి, ఆఖరున తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పి ముగించేది. గంట పాడగలిగిన మనిషి మూడు నిమిషాల్లో పొట్లం కట్టి ఇవ్వాలి. ఆ లెక్కన బర్గర్ కంటే ముందు ఫాస్ట్‌ఫుడ్ అయింది మన సంగీతమే. లాంగ్ ప్లే వచ్చాక ఒక్కో వైపూ ఇరవై నిమిషాలు దాటింది. ఒకే సంవత్సరంలో తిండి పొట్టిదయింది, పాట పొడుగైంది.

ఇంకా ఉంది. మన దేశంలో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది 1948లోనే. వారంలో మొదటి రోజైన ఆదివారం కార్మికుడిచేత పని చేయించకూడదని, చేయిస్తే దానికి ముందో వెనకో మూడు రోజుల్లో బదులు సెలవివ్వాలని అందులో రాశారు. ఆదివారం సెలవు కోసం బొంబాయి మిల్లు కార్మికుల్ని కూడగట్టి పోరాడిన నారాయణ్ మేఘాజీ లోఖండే అది సాధించింది 1890లో. మా పాత్రికేయులకి 1955లో వేరే చట్టం వచ్చిందనుకోండి. అయినా నా మంగళవారం ఆ మూడు రోజుల లెక్కకి సరిగ్గా లోబడే ఉంది.

విజయవాడ రేడియో కేంద్రం మొదలైందీ 1948 డిసెంబరు 1నే. ఆ కేంద్రంలో పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ చలవ వల్లే భక్తిరంజని తెలుగు లోగిళ్లలో సుప్రభాతమైంది. సెలవు, పాట, బర్గర్, రేడియో. ఇదంతా అమ్మకి ఉత్సాహంగా చెప్పాను. "పిండి పొంగిపోతాది, చూడు," అంది.

బన్నులో వడ

పొంగిన పిండిని అణచి, 80 గ్రాముల చొప్పున ఎనిమిది ఉండలు చేసి ట్రేలో పెడితే, రెండోసారి పొంగడానికి ఇంకో ముప్పావుగంట. ఈలోగా బిళ్లల పని.

మాంసం బిళ్ల తనకి తానే పట్టుకుంటుంది. ఉప్పు తగిలితే కైమాలోని మాంసకృత్తులు జిగురై ఒకదాన్నొకటి అంటుకుంటాయి. పప్పులకీ దుంపలకీ ఆ గుణం లేదు. వాటికి నీరు ఎక్కువ, పట్టు తక్కువ. శాకాహార బర్గర్లు పెనం మీద విచ్చిపోవడానికీ, విచ్చిపోకూడదని మైదా దట్టించి బజారువాళ్లు వాటిని రబ్బరు చెయ్యడానికీ ఇదే కారణం. నా మొదటి మూడు నెలల మంగళవారాలు గరిటెతో ఏరుకుని తిన్నవే. బ్రెడ్ పొడి వేసి చూశాను, పిండిపిండిగా వచ్చింది. శనగపిండి వేశాను, పచ్చివాసన. చివరికి దారి చూపింది అమ్మ పోపుల గూట్లోని పుట్నాల పప్పు. ముందే వేగిన పప్పు కాబట్టి పచ్చివాసన లేదు. మెత్తగా పొడి కొట్టి మూడు చెంచాలు కలిపితే ఎక్కడి తడి అక్కడే పీల్చేసి బిళ్లని బిగించింది.

కొలతలు చెబుతాను. రాత్రంతా నానిన 200 గ్రాముల రాజ్మా. కుక్కర్లో బాగా ఉడకాలి. సగం ఉడికినవి వాంతులు చేయిస్తాయి, పచ్చి రాజ్మాలో ఉండే ఒక విషపదార్థం గట్టిగా మరిగితేనే చస్తుంది. ఉడికాక జల్లెడలో వేసి అరగంట ఆరబెట్టాలి. ఈ అరగంట మానేస్తే పుట్నాల పొడి కూడా కాపాడలేదు. ఒక ఆలుగడ్డ, ఒక చిన్న బీట్‌రూట్ తురిమి, గుడ్డలో పిండి, బాణలిలో తడి పోయేదాకా వేయించాలి. రెండు ఉల్లిపాయలు ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేగాలి. బిర్యానీకి వేయించినట్టే. రాజ్మాని చేత్తో మెదపాలి, మిక్సీలో వెయ్యకూడదు. పంటికింద గింజ తగలాలి. మిరియాలు, వేయించిన జీలకర్ర, ఉప్పు. బన్ను ఎంత వెడల్పో బిళ్లా అంతే. మాంసమైతే ముడుచుకుంటుందని పెద్దది చేస్తారు, దీనికా అవసరం లేదు. చేశాక అరగంట ఫ్రిజ్‌లో.

"ఇంత చేసీ ఇది బన్నులో వడే కదేటిరా," అంటుంది అమ్మ ప్రతివారం. ఔను, వడే. మెక్‌డొనాల్డ్ అన్నదమ్ముల పేరున్న కంపెనీ 1996లో ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచినప్పుడు తమకి ప్రాణమైన గొడ్డుమాంసాన్ని బయటే వదిలి రావలసి వచ్చింది. తరవాత ఇక్కడ వాళ్లని నిలబెట్టిన వాటిలో ఆలూ టిక్కీ ఒకటి. బన్నులో ఏం పెట్టాలన్నది ఎప్పుడూ ఆ ఊరి వంటింట్లోని అమ్మలే తేలుస్తారు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. ఆవకాయ బర్గర్ అని ఈమధ్య ఎక్కడ చూసినా కనిపిస్తోంది. వద్దు. ఆవకాయ పక్కన మరో రుచి బతకదు. దానికి వేడి అన్నం చాలు. నేను వేసేది రాత్రంతా గుడ్డలో వేలాడగట్టిన పెరుగులో కాల్చిన వెల్లుల్లి మెదిపి చేసిన ముద్ద, నిమ్మరసంలో నానిన ఉల్లి చక్రాలు, ఒక టమాటా ముక్క. అంతే.

నాన్న కేసెట్

బన్నులు పాలు పూసుకుని, నువ్వులు చల్లుకుని, 180 డిగ్రీల ఓవెన్‌లోకి వెళ్లేటప్పుడు అసలు కచేరీ మొదలవుతుంది. ముందు నెట్‌లో వినేవాళ్లం. ఒకసారి తోడి ఆలాపన మంద్రంలోకి దిగి, ఇద్దరం ఊపిరి బిగబట్టుకున్న చోట, అరగంటలో బిర్యానీ తెస్తామంటూ ఒక ప్రకటన అరిచింది. అమ్మ ఆ పూట ఇక వినలేదు. అప్పుడు నాన్న కేసెట్లు బయటికి తీశాను.

నాన్న రైల్వేలో గార్డు. డ్యూటీ లేని శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి రేడియోలో జాతీయ సంగీత కార్యక్రమం వచ్చేది. 1952లో మొదలైన కార్యక్రమం అది. నాన్న టూ ఇన్ వన్‌లో 90 నిమిషాల కేసెట్ పెట్టి, రెండు మీటలు కలిపి నొక్కి, వేలు పెదాల మీద పెట్టి మమ్మల్నందరినీ ఊరుకోబెట్టేవాడు. అలా మిగిలినవి పదిహేడు. కోఠీలో ఒక దుకాణంలో ఇచ్చి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాం.

మేం ఎక్కువగా వినేది అందులో ఒకటే. వయొలిన్ కచేరీ. అట్ట మీద నాన్న రాతలో "కల్యాణి" అన్నది ఒక్కటే మిగిలింది, విద్వాంసుడి పేరు చెమ్మకి కరిగిపోయింది. ఆఖర్న పేరు చెప్పే అనౌన్సర్ నోరు విప్పేలోపే టేపు అయిపోయింది. అమ్మ "ద్వారంవారి బాణీ, ఆ పొడుగు కమాను చూడు" అంటుంది. నేను కాదంటాను. నాకు తెలిసి కాదు, ఆవిడ చేత ఇంకొంచెం మాట్లాడించడానికి.

ఆ వాద్యం కూడా ఒకప్పుడు ఇక్కడిది కాదు. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక తెల్లవాడి దగ్గర నేర్చుకుని దాన్ని కచేరీలోకి తెచ్చారు. కంపెనీ బ్యాండు వాయించే వరసలకి అన్నగారు సంస్కృతంలో సాహిత్యం కూర్చారు, నొట్టుస్వరాలంటే అవే. గడ్డం కింద పెట్టుకుని వాయించేదాన్ని మనవాళ్లు కింద కూర్చుని, కొనని చీలమండ దగ్గర ఆనించి, తీగల్ని స-ప-స-పగా శ్రుతి చేసుకున్నారు. చెయ్యి కదలకుండా పట్టుకునే పని తప్పేసరికి వేళ్లు తీగ మీద జారడానికి వీలైంది. గమకం పలికింది. అమ్మ ఇప్పటికీ సోఫాలో కూర్చుని వినదు. చాప వేసుకుని, కుడికాలు చాపి వింటుంది. ఆ పాదం దగ్గర ఏదో ఆనినట్టే ఉంటుంది.

ఈ కేసెట్‌కి ఒక గాయం ఉంది. తొమ్మిదిన్నరకి మొదలైన కచేరీలో పదింపావుకి ఒక వైపు అయిపోయింది. సరిగ్గా అప్పుడే కల్యాణి ఆలాపన పైకెక్కుతోంది. తారషడ్జమం అందబోయే ముందు నిషాదం దగ్గర నిలబడి, సాగి, సాగి... టక్. నాన్న ఎంత వేగంగా తిప్పి పెట్టినా, కేసెట్ మొదట్లో ఏదీ ఎక్కని తెల్లతోక ఒకటి ఉంటుంది కదా. ఆరేడు సెకన్లు ఏమీ లేదు. మళ్లీ వినబడేసరికి ఆయన పై షడ్జమం దాటి గాంధారం దగ్గర తిరుగుతున్నాడు. మధ్యలో ఎలా ఎక్కాడో ఎవరికీ తెలియదు.

అమ్మకి తెలుసు. అంటే, తెలుసనే నమ్ముతుంది. ఆ ఖాళీ రాగానే సన్నగా తనే ఆ మెట్టు ఎక్కి, అవతల వయొలిన్ అందుకునేదాకా తీసుకెళ్లి అప్పగిస్తుంది. ఏ వారం ఎక్కినట్టు మరో వారం ఎక్కదు.

తనిలో లేచిపోవడం

బిళ్లలు కాల్చడానికి నేను ఎంచుకున్న సమయం తనియావర్తనం. మద్రాసు సభల్లో మృదంగం తని మొదలవగానే సగం హాలు లేచి క్యాంటీన్‌కి పోతుందని పాత ఎగతాళి ఉంది. డిసెంబరు సీజన్లో కచేరీ ఎవరిది అన్నదానికంటే క్యాంటీన్ ఎవరిది అని ముందు అడిగేవాళ్లూ ఉన్నారు. నేనూ ఆ దోషం చేస్తాను. "మృదంగం ఆయన ఏం పాపం చేశాడురా?" అంటుంది అమ్మ, కాలు చాపుకునే.

ఇనప పెనం బాగా కాగాలి. చెంచాడు నూనె. బిళ్ల వేశాక మూడు నిమిషాలు ముట్టుకోకూడదు, నొక్కకూడదు. అంచు ముదురుతున్నప్పుడు వచ్చే ఆ వాసనే వంట. ఫ్రెంచి రసాయనవేత్త మయార్ 1912లో దాని రహస్యం చెప్పాడు, వేడికి చక్కెరలూ ఎమినో ఆమ్లాలూ కలిసి ఆడే ఆట అని. పకోడీ బాణలి దగ్గర నిలబడ్డ ప్రతివాడికీ పేరు తెలియకపోయినా ఆ సంగతి తెలుసు. అట్లకాడ సన్నంగా దూర్చి ఒక్కసారే తిప్పాలి. మీద చీజ్ ముక్క. సగానికి కోసిన బన్నుల్ని అదే పెనం మీద వెన్నతో ఎర్రగా కాల్చాలి. లేకపోతే పెరుగు తడికి అడుగు నానిపోతుంది.

పోయిన మంగళవారం లెక్క తప్పింది. ఎండకి పిండి తొందరగా పొంగింది, బన్నులు ముందే అయిపోయాయి, నేను ఆగలేక మృదంగం దాకా ఉండకుండా కాల్చేశాను. పన్నెండున్నరకే ప్లేట్లు పట్టుకొచ్చి చాప మీద పెట్టాను. కచేరీ ఇంకా మొదటి వైపే నడుస్తోంది. అమ్మ బర్గర్‌ని చాకుతో నాలుగు ముక్కలు చేయించుకుంటుంది, నోరు పట్టదని. ఒక ముక్క పూర్తిగా నోట్లో పెట్టుకుంది. వెల్లుల్లి పెరుగు చెంప మీదకి కారింది.

అప్పుడే నిషాదం వచ్చింది. సాగింది. టక్.

అమ్మ కళ్లు పెద్దవి చేసి నా వంక చూసింది. నోటినిండా బన్ను. చెయ్యి పైకెత్తి, వేలితో గాల్లో మెట్టు చూపించింది, ఎక్కమన్నట్టు. నేను నలభై ఆరేళ్లలో ఎప్పుడూ ఎవరి ముందూ పాడినవాణ్ణి కాదు. ఎలాగో గొంతు పెగిల్చి పైకి లాగాను. అవతలి నుంచి గాంధారం వచ్చి పడింది.

అమ్మ తాపీగా నమిలి, మింగి, చెంప తుడుచుకుంది.

"శ్రుతి తగ్గింది. ఇంకో ముక్క ఇటు పెట్టు."